దోస్త్‌లో ఒక్క కాలేజీ పెడితే సీటు గ్యారంటీ అంటున్నారా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. పాప ఇంటర్ బైపీసీలో వెయ్యికి 874 తెచ్చుకుంది. నీట్ రాసింది కానీ ఆశ లేదు. బీఎస్సీకి హైదరాబాద్ కోఠి ఉమెన్స్ కాలేజీలో చేరతానంటుంది, నల్లగొండ చాలని నేనంటున్నాను. ఈలోగా ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు ఇంటికొచ్చి, దోస్త్ (తెలంగాణలో డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్) పని మొత్తం మేమే చూసుకుంటాం, ఓటీపీ చెప్పండి, ఒక్క ఆప్షనే పెడితే సీటు గ్యారంటీ అన్నారు. చెప్పేయమంటారా?

జవాబు: చెప్పకండి. మిగతాదంతా తర్వాత చదివినా పర్వాలేదు, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి, దోస్త్ ఐడీ, పిన్ నంబరు రాసిన కాగితం కూడా ఇవ్వకండి. ఆ రెండూ చేతిలో ఉన్నవాళ్లే మీ అమ్మాయి ఏ కాలేజీలో చదవాలో తేల్చేస్తారు. పిల్లలకు తెలియకుండానే వాళ్ల పేరు మీద రిజిస్ట్రేషన్ చేసి, తమ కాలేజీ ఒక్కటే ఆప్షన్‌గా పెట్టుకున్న సంగతులు తెలంగాణలో చాలానే బయటపడ్డాయి. ఆధార్‌కు లింకైన మొబైల్‌కే ఓటీపీ వెళ్లేలా పెట్టడానికి అదీ ఒక కారణం.

వాళ్లు చెప్పిన గ్యారంటీ అబద్ధం కాదు, కానీ అది మీకు చేస్తున్న మేలేమీ కాదు. చాలా ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో సీట్లు ఖాళీగానే మిగిలిపోతున్నాయి, కాబట్టి ఆ కాలేజీని మీరు లిస్టులో అన్నిటికంటే కింద పెట్టినా సీటు వచ్చే అవకాశమే ఎక్కువ. మరి ఒక్క ఆప్షనే పెట్టమని ఎందుకంటున్నారంటే, పైన కోఠి ఉంటే మీ పాప కోఠికి వెళ్లిపోతుందని.

దోస్త్ మీ లిస్టును పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్ కలిపి ఎక్కడ సీటు కుదిరితే అక్కడ ఆగుతుంది, దాని కింద ఉన్నవాటిని ఇక చూడదు. కోఠి మొదట పెట్టి అక్కడ రాకపోతే నల్లగొండలో ఛాన్స్ తగ్గుతుందేమో అని చాలామంది తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. తగ్గదు. ఒక కాలేజీని మొదట పెట్టినవాళ్లకు, ఐదోదిగా పెట్టినవాళ్లకు అక్కడ ఒకటే లెక్క, మార్కులే. కాబట్టి వస్తుందో రాదో అని అంచనాలు వేసుకోకుండా, నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరుసలోనే పెట్టండి, పది పదిహేను పెట్టినా తప్పులేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఒక ఆప్షన్ అంటే కాలేజీ ఒక్కటే కాదు, కాలేజీతో పాటు కోర్సు, మీడియం కూడా. అందుకని ఒకే కాలేజీ పేరు రెండు మూడు సార్లు కనిపిస్తుంది, ఏది నొక్కుతున్నారో చూసి నొక్కండి.

ఇక మీ ఇద్దరి గొడవ. నేనైతే కోఠిని పైన పెట్టమంటాను. అది ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం, బైపీసీ పిల్లలకు అక్కడ కోర్సులు ఎక్కువ. కానీ దోస్త్ ఇచ్చేది సీటు, హాస్టల్ కాదు. ఆప్షన్లు పెట్టేముందే ఒకసారి వెళ్లి హాస్టల్ ఎలా ఇస్తారో, మెస్ బిల్లు ఎంతో అడిగి రండి. హాస్టల్ దొరకక బయట ప్రైవేటు హాస్టల్‌లో ఉండాల్సి వస్తే నెలనెలా ఆ ఖర్చు భరించగలరా? లేదంటే నల్లగొండ ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ పైన పెట్టుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఆ లెక్క పాపను పక్కన కూర్చోబెట్టుకునే వేయండి.

కోర్సు విషయంలో నా మాట ఒక్కటే, కెమిస్ట్రీ వదలొద్దు. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ పేర్లు బాగుంటాయి, తీసుకోండి, కానీ పక్కన కెమిస్ట్రీ ఉన్న కాంబినేషనే తీసుకోండి. రేపు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి వెళ్లాలన్నా, హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల ల్యాబుల్లో ఉద్యోగం చూసుకోవాలన్నా అదే పనికొస్తుంది. అన్నట్టు, బీఎస్సీ అనగానే బంధువుల్లో ఎవరో ఒకరు నర్సింగ్ పెట్టమంటారు. బీఎస్సీ నర్సింగ్ దోస్త్‌లో ఉండదు, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ వేరే వస్తుంది. అగ్రికల్చర్ కూడా వేరే, దానికి ఎప్‌సెట్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు కావాలి. వాటి కోసం చూస్తున్నా సరే, దోస్త్ మాత్రం ఆపకండి.

సీటు వచ్చాక ఎక్కువమంది దెబ్బతినేది సెల్ఫ్ రిపోర్టింగ్ దగ్గర, అంటే వచ్చిన సీటు మాకు కావాలని ఆన్‌లైన్‌లో తెలిపే దగ్గర. మొదటి విడతలో నచ్చని కాలేజీ వచ్చింది కదా అని ఊరుకుంటే ఆ సీటు పోతుంది. నచ్చకపోయినా గడువులోపల ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్ట్ చేసి సీటు పట్టి ఉంచుకోండి, తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. అప్పుడు మాత్రం చేతిలో ఉన్న సీటు కంటే మంచివనిపించినవే పెట్టాలి, ఎందుకంటే కొత్తది వచ్చిందంటే పాతది దానంతటదే రద్దవుతుంది, నాకు పాతదే కావాలంటే ఇవ్వరు. కొన్ని కాలేజీలకు సెల్ఫ్ రిపోర్టింగ్ అప్పుడే కొంత సీటు రిజర్వేషన్ ఫీజు అడుగుతుంది, డబ్బు సిద్ధంగా ఉంచుకోండి.

ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పాతది చెల్లదు, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదే అడుగుతారు. బీసీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షల లోపు ఆదాయం ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు పరిమితి వేరే. చేరాక హాజరు 75 శాతం ఉండాలి, లేకపోతే ఆ డబ్బు రాదు. ఫీజు ఎంతో కూడా ఆప్షన్ పెట్టేటప్పుడే చూసుకోండి, ఒకే బీఎస్సీకి రెండు కాలేజీల్లో రెండు రకాల ఫీజులుంటాయి.

మొదటి విడతలో రిజిస్ట్రేషన్ ఫీజు 200, ఆ తర్వాత 400 ఉంటూ వచ్చింది, ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఊళ్లో నెట్ సెంటర్‌కు వెళ్లినా పాపను తీసుకెళ్లండి, లిస్టు ఇంట్లోనే కాగితం మీద వరుసగా రాసుకుని వెళ్లండి, సేవ్ చేశాక ప్రింట్ తీయించి కాగితంతో పోల్చి చూడండి. ఆ కాలేజీవాళ్లు మళ్లీ వస్తే, మీ కాలేజీ కూడా లిస్టులో కింద ఎక్కడో పెట్టామని చెప్పి పంపించండి. ఒకవేళ ఇప్పటికే ఓటీపీ చెప్పేసి ఉంటే, గడువు దాటకముందే దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌కు ఆధార్, ఇంటర్ మెమో పట్టుకుని పాపతో సహా వెళ్లండి.