చిన్నోడి పుల్లపురుగు గురించి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. దసరా సెలవులకి వచ్చినప్పుడు మన పెరటి జామచెట్టు మీద దొరికిన పుల్లపురుగుని (ఎండుపుల్లలా కనిపించే స్టిక్ ఇన్‌సెక్ట్‌ని) చిన్నోడు హార్లిక్స్ సీసాలో పెట్టుకుని విజయనగరం తీసుకెళ్లాడని ఇప్పుడు తెలిసింది. నిన్నటి నుంచి అది ఆకు ముట్టడం లేదని, మూతకి తలకిందులుగా వేలాడుతోందని, అది చచ్చిపోతుందేమోనని వాడు అన్నం సరిగ్గా తినడం లేదని చెప్పావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

మిగతాది తర్వాత చదువు, ముందు ఈ పని చెయ్యి. మూతని పురుగుతో సహా మెల్లగా పైకెత్తు. పొడుగాటి బకెట్ మీద రెండు పుల్లలు అడ్డంగా వేసి, పురుగు లోపలికి వేలాడేలా ఆ మూతని వాటి మీద పెట్టు. పైన పల్చటి చున్నీ కప్పు. పురుగుని చేత్తో మాత్రం తియ్యకు. ఫ్యాను గాలి తగలని మూల చూసి బకెట్ అక్కడ ఉంచు.

దానికి జబ్బేమీ లేదనుకుంటాను. చూపుడు వేలంత ఉందన్నావు కాబట్టి ఇంకా పిల్లే. కుబుసం విడవబోయే ముందు పుల్లపురుగు ఒకటి రెండు రోజులు తిండి మానేసి, ఎత్తుగా ఉన్నచోట కదలకుండా వేలాడుతుంది. ఎక్కువగా రాత్రి పూటే విడుస్తుంది. తల వెనక చర్మం చీలి, అందులోంచి కొత్త ఒళ్లు నిటారుగా కిందికి జారుతుంది. పొడుగాటి కాళ్లని పాత తొడుగుల్లోంచి ఒక్కొక్కటే లాక్కుంటుంది. ఆ కాసేపు దాని ఒళ్లు తడిపిన కాగితంలా మెత్తగా ఉంటుంది. కింద సీసా అడుగు తగిలిందంటే వంగిపోతుంది, వంగినది వంగినట్టే గట్టిపడుతుంది. ఇంట్లో పెంచే పుల్లపురుగుల్లో చాలా వాటిని పొట్టి డబ్బాలే చంపుతాయి. అందుకే ముందు బకెట్ సంగతి చెప్పాను.

నేను 31 ఏళ్లు ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా చేశానని నీకు తెలుసు. చేరిన కొత్తలో ఒక పురుగుకి కుబుసంలో రెండు కాళ్లు ఇరుక్కుపోయాయి. పాపం అనిపించి చిమటాతో మెల్లగా లాగాను. కాళ్లు రెండూ మొదలంటా ఊడొచ్చాయి, మర్నాటికి అది చచ్చిపోయింది. వదిలేసి ఉంటే ఆ రాత్రి తనంతట తానే బయటపడేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ రాత్రి నీకూ, చిన్నోడికీ అలాగే చేతులు లాగుతాయి. ఇరుక్కుందనిపిస్తే దాని చుట్టూ సన్నగా నీళ్లు చిమ్మి, లైటు ఆపేసి గదిలోంచి వచ్చెయ్యండి. గాలిలో తడి లేకపోతేనే చర్మం అంటుకుపోతుంది, తడి తగిలితే వదులవుతుంది. బయటికొచ్చాక పాత చర్మాన్ని అదే తినేస్తుంది. చిన్నోడు కుబుసం దాచుకుంటానంటే ఈసారికి వద్దని చెప్పు. మర్నాడంతా దాన్ని పట్టుకోకూడదు.

ఇక ఇల్లు. డబ్బులు పెట్టి అద్దాల తొట్టి కొనొద్దు. మేడ మీద పాత స్టూలు ఉండాలి చూడు. దాన్ని తిరగేసి, పైకి లేచిన నాలుగు కాళ్ల చుట్టూ, పైనా దోమల జాలి బిగించు. ఒక పక్క తెరిచి మూసేలా బట్టల క్లిప్పులు పెట్టు. పురుగు పెరిగాక ఎంత పొడుగవుతుందో దానికి కనీసం మూడింతలు ఎత్తు ఉండాలి. మన పెరట్లో పెద్దవాటిని చూశాను కాబట్టి చెప్తున్నాను, అడుగున్నర ఎత్తు ఉంటే సరిపోతుంది. పైకప్పు జాలీ అయితేనే దానికి పట్టు దొరుకుతుంది. అడుగున న్యూస్‌పేపర్ పరిచి రెండు మూడు రోజులకోసారి మార్చు. మీ నాన్నమ్మ పాలగూడు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేది గుర్తుందా? చీమలు ఎక్కకుండా నువ్వూ అలాగే, వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, దాని మీద స్టూలు ఉంచు. చీమల చాక్‌పీసు గీతలు ఆ గదిలో ఎక్కడా గియ్యకు. దోమల కాయిల్, ప్లగ్గుకి పెట్టే దోమల మందు, బొద్దింకల స్ప్రే కూడా వద్దు. దోమని చంపే మందుకి పుల్లపురుగు వేరని తెలీదు కదా. ఆ గదిలో దోమతెర కట్టుకోండి.

తిండికి నువ్వు వెతుక్కోనక్కర్లేదు. అది జామచెట్టు మీద దొరికింది, జామాకే పెట్టు. లేత చిగుళ్లు కాదు, ముదురు ఆకులున్న కొమ్మ తెచ్చి కడిగి, సన్నమూతి సీసాలో నీళ్లు పోసి గుచ్చు. సీసా మూతి చుట్టూ దూది కుక్కడం మర్చిపోకు, లేదంటే పిల్లపురుగులు లోపలికి దిగి మునిగిపోతాయి. ఆకు వాడకముందే కొమ్మ మార్చు. పాత కొమ్మని పారేసే ముందు ఒక్కో రెమ్మా వెతుకు. అది పుల్లలాగే ఉంటుంది, నా కళ్ల ముందే ఎన్నోసార్లు చెత్తబుట్టలోకి వెళ్లిపోబోయింది. ఆకు మాత్రం మందు కొట్టని చెట్టుదే కావాలి. బజారు గులాబీలు వద్దు, వాటికి మందు కొడతారు. మన ఉద్దానంలోనూ జీడితోటలు పూతకొచ్చే రోజుల్లో తేయాకు దోమ అనే పురుగుకి మందు కొడతారు, ఆ గాలి పక్క పెరళ్ల మీదికీ వస్తుంది. ఆ రోజుల్లో నేను కోసి పంపినా వాడొద్దు.

పురుగులు పట్టవని వేపాకు ఒక రెమ్మ పడేస్తావేమో, ఆ పని అస్సలు చెయ్యకు. వేపలో అజాడిరాక్టిన్ అనే పదార్థం ఉంటుంది, అది పురుగులకి కుబుసం విడిచే శక్తినే పాడు చేస్తుంది. పొలంలో మనకి మేలు చేసేది ఆ జాలీలో దానికి ప్రాణం మీదికి తెస్తుంది.

నీళ్ల గిన్నె పెట్టొద్దు. సెలూన్లో వాడే స్ప్రే సీసాతో సాయంత్రం ఒకసారి ఆకుల మీద చిమ్మితే ఆ చుక్కలే తాగుతుంది. మున్సిపల్ నీళ్లయితే ఒక రాత్రి బిందెలో నిలవ ఉంచి వాడు. వానాకాలం గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి అంత చిమ్మక్కర్లేదు, బూజు పడుతుంది. రోహిణి కార్తెలో మాత్రం జాలీ మీద సగం వరకూ తడి గోనెసంచి వేసి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో ఉంచాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు మన పెరటి పాత జామ వేళ్లతో సహా పడిపోయింది. కొబ్బరీ జీడీ పోయి ఊరంతా ఏడుస్తున్నప్పుడు పురుగుల తిండి గురించి ఎవరితోనూ అనలేకపోయాను. పడిన చెట్టు కొమ్మలే నరికి బకెట్లలో గుచ్చి కొన్నాళ్లు నెట్టాను. ఈలోగా ఇంట్లో గులాబీ మొక్క ఆకుల్ని జామాకుతో కలిపి పెడుతూ అలవాటు చేశాను. కొన్ని తిన్నాయి, కొన్ని ముట్టనే లేదు. నువ్వు కూడా జామ దొరుకుతున్నప్పుడే రెండో ఆకు అలవాటు చేసి చూడు.

పట్టుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాలు పట్టి లాగకుండా అరచెయ్యి ముందు పెడితే అదే ఎక్కుతుంది. కుట్టదు. ముఖం దగ్గరికి తీసుకెళ్లొద్దని వాడికి చెప్పు, పట్టుకున్నాక చేతులు కడుక్కోమను. కొన్ని దేశాల్లో కళ్లు మండించే ద్రవం చిమ్మే రకాలు కూడా ఉన్నాయి. ఒక కాలు పోతే ఏడవొద్దను. పిల్లగా ఉన్నంతవరకూ వచ్చే కుబుసాల్లో చిన్న కాలు మళ్లీ మొలుస్తుంది, పెద్దదయ్యాక మొలవదు. ముట్టుకుంటే బిగుసుకుపోయి చచ్చినట్టు పడుంటుంది. తొందరపడి పారెయ్యకుండా ఒక రాత్రి చూడాలి.

పెద్దదయ్యాక పేపరు మీద రెట్టలతో పాటు ఆవగింజల్లాంటివి కనిపిస్తే అవి గుడ్లు. ఒక్కటే పురుగు ఉంది, గుడ్లెలా వచ్చాయని చిన్నోడు అడుగుతాడు. చాలా రకాల్లో మగది లేకుండానే ఆడది గుడ్లు పెడుతుంది, అవి పొదుగుతాయి కూడా. ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచే కరౌసియస్ మోరోసస్ అనే పుల్లపురుగు అలాంటిదే, దాదాపు అన్నీ ఆడవే. అది మన తమిళనాడు నుంచి వెళ్లిన పురుగు. కొన్ని రకాల గుడ్లకి చివర చిన్న బొడిపె ఉంటుంది. చీమలు ఆ బొడిపె కోసం గుడ్డుని పుట్టలోకి మోసుకెళ్తాయి, బొడిపె తిని గుడ్డు వదిలేస్తాయి, అది అక్కడ భద్రంగా ఉంటుంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. వాడికి నువ్వే చెప్పు, వాడి ముఖం చూడు.

గుడ్లని మూతకి కన్నాలు పెట్టిన డబ్బాలో, కాస్త తడి ఇసక మీద ఉంచు. పొదగడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. వందల్లో వస్తే అన్నీ పెంచలేవు. ఎన్ని పెంచగలవో అన్నే ఉంచి, మిగతావి మన ఊరు వచ్చేటప్పుడు తీసుకురా, వచ్చిన చెట్టు కిందే వేద్దాం. ఎవరైనా బయట నుంచి తెప్పించిన రకం ఇస్తే మాత్రం దాన్ని ఎప్పుడూ బయట వదలకూడదు. మన మోరోససే దక్షిణాఫ్రికాలో తప్పించుకుని అక్కడి తోటల్లో పాతుకుపోయింది. అలాంటి గుడ్లు ఎక్కువైతే రెండు రోజులు డీప్ ఫ్రీజర్లో పెట్టి పారెయ్యాలి. ఆ పని నువ్వే చెయ్యి, వాడి చేత చేయించకు.

ఇది ఎన్నేళ్లో బతకదు, మహా అయితే ఒక ఏడాది. ఆ మాట ముందే చెప్పి ఉంచు.

ఈ రాత్రి బకెట్ దగ్గర లైటు వేసి కూర్చోకండి. తెల్లారాక చున్నీ వాడినే తియ్యనీ. ఎలా ఉందో వాడి నోటితోనే నాకు చెప్పించు, ఆరింటికల్లా లేచే ఉంటాను.

మీ పెదనాన్న