చేపల తొట్టి హీటర్ లైటు ఆరిపోతోంది, అవతలి పక్క నీళ్ళు చల్లగానే ఉన్నాయి

హీటర్ బాగానే ఉందండి, పెట్టిన చోటే తేడా. నీళ్ళు కదలని మూలలో ఉంటే దాని చుట్టూ ఉన్నవే వేడెక్కి, థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటర్‌ని ఆపే భాగం) ఆపేస్తుంది, అందుకే అవతలి చివర 22 డిగ్రీలు దాటట్లేదు.

1. హీటర్ ప్లగ్ తీసి 20 నిమిషాలు ఆగండి. వేడి గాజుని వెంటనే బయటికి తీస్తే పగలొచ్చు.

2. ఫిల్టర్ నుంచి నీళ్ళు వచ్చే దారిలో హీటర్ పెట్టండి. పూర్తిగా మునిగే రకమైతే కింద అడ్డంగా, ఇసుకకి తగలకుండా.

3. చాలామంది చూడనిది ఇదే: చిటికెడు మేత హీటర్ దగ్గర వదలండి. అక్కడే తిరుగుతుంటే ప్రవాహం అందట్లేదు, ఇంకాస్త జరపండి. కొట్టుకుపోతే సరిపోయింది.

4. మళ్ళీ ప్లగ్ పెట్టి, ఒక రోజు ఆగాకే హీటర్ మీద వేడి మార్చే డయల్ ముట్టుకోండి.

మన వైజాగ్‌లో డిసెంబరు, జనవరి రాత్రులకే దీని పని, ఎండలు ముదిరాక తీసేయొచ్చు.