ప్రొస్టేట్‌లో సీడ్స్ పెట్టాక నెలకి తీసే సీటీ: వైజాగ్‌లో తీయించొచ్చా, డీ90 తక్కువ వస్తే ఏం చూడాలి?

వైజాగ్‌లోనే తీయించండి. స్కాన్ కోసమే నాన్నగారిని మళ్లీ హైదరాబాద్ రైలు ఎక్కించక్కర్లేదు. కాకపోతే కేజీహెచ్ చుట్టుపక్కల ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినా, చీటీలో ఉత్త "పెల్విస్ సీటీ" అని ఉంటే చేతిలో పెట్టేది ఫిల్ము, రిపోర్టు. డోస్ లెక్కకి ఆ రెండూ పనికిరావు. ఏం అడగాలో కింద రాశాను.

ముందు మీ భయం సంగతి. అయోడిన్ సీడ్స్ (గ్రంథిలోనే ఉండిపోయి రేడియేషన్ ఇచ్చే చిన్న గింజలు) పెట్టిన రోజు తీసిన సీటీలో డీ90 128 గ్రే (రేడియేషన్ డోస్ కొలత) వచ్చింది, ఇవ్వాల్సింది 145 కదా, వైద్యం తక్కువైనట్టేనా అని అడిగారు. ఆ అంకె ఒక్కటీ పట్టుకుని ఏమీ తేల్చలేం. డీ90 అంటే గ్రంథిలో 90 శాతం భాగానికి కనీసం ఎంత డోస్ అందుతుందో చెప్పే లెక్క. సూదులు గుచ్చిన రోజు గ్రంథి వాచి ఉంటుంది, కొందరికి సైజు సగం దాకా పెరుగుతుంది. వాచినప్పుడు సీడ్స్ ఒకదానికొకటి ఎడమవుతాయి, డీ90 పడిపోతుంది. ఈ వాపు సుమారుగా పది రోజులకి సగం చొప్పున దిగుతుంది. సీడ్స్‌లోని అయోడిన్ (ఐ-125) అర్ధజీవిత కాలం, అంటే దాని బలం సగానికి పడిపోయే సమయం, మాత్రం 59.4 రోజులు. అంటే నెల తిరిగేసరికి మొత్తం డోస్‌లో 30 శాతమే ఖర్చవుతుంది, మిగతా 70 శాతం వాపు తగ్గిన గ్రంథికే అందుతుంది. అందుకే అసలు లెక్క 30వ రోజుది, ఒక వారం అటూ ఇటూ అయినా పరవాలేదు. పెలాడియం సీడ్స్ అయితే అర్ధజీవిత కాలం 17 రోజులే కాబట్టి రెండు మూడు వారాలకే తీస్తారు. మొదటి రోజు 128 వచ్చినవాళ్లకి నెలకి 140 దాటడం మామూలే. అలాగని తప్పకుండా దాటుతుందనీ అనుకోవద్దు.

దీనికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. సీటీలో సీడ్స్ చుక్కల్లా తెల్లగా మెరుస్తాయి, వాటి స్థానం ఇట్టే తెలుస్తుంది. ప్రొస్టేట్ అంచే సరిగా కనపడదు. పక్కనున్న కండరం, ముందువైపు రక్తనాళాలు, పైన బ్లాడర్ మెడ, కింద కటి కండరాలు, అన్నీ ఒకే బూడిద రంగు. పైగా సీడ్స్ మెరుపు చారలు అంచు మీదే పడతాయి. దాంతో డోస్ లెక్క కోసం గ్రంథి చుట్టూ గీత గీసేవాళ్లు కాస్త బయటికే గీస్తారు. సీటీలో గీసిన గ్రంథి ఎంఆర్‌ఐలో గీసినదానికన్నా పెద్దగా రావడం అందరికీ తెలిసిందే. ఈ సీడ్స్ నుంచి వచ్చే కిరణాల శక్తి 28 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర ఉంటుంది, సీడ్ నుంచి దూరం జరిగేకొద్దీ డోస్ చాలా త్వరగా పడిపోతుంది. గీత రెండు మూడు మిల్లీమీటర్లు జరిగితే డీ90 పదుల గ్రేల్లో మారిపోగలదు. ఒకే సీటీ మీద ఇద్దరు డాక్టర్లు గీస్తే రెండు డీ90లు వస్తాయి. కాబట్టి రిపోర్టులో అంకె చూసే ముందు నేనడిగే ప్రశ్న, గీత దేనిమీద గీశారు?

అందుకే వీలైతే అదే రోజు ఎంఆర్‌ఐ కూడా తీయించండి. సీడ్స్ తొడుగు టైటానియం, ఎంఆర్‌ఐకి ఇబ్బంది లేదు. అయినా సీడ్స్ ఉన్నాయని టెక్నీషియన్‌కి ముందే చెప్పాలి. ఎంఆర్‌ఐలో సీడ్స్ నల్ల మచ్చల్లా ఉంటాయి, రక్తం మరకలూ అలాగే ఉంటాయి, కాబట్టి సీడ్స్ స్థానం సీటీ నుంచి, గ్రంథి గీత ఎంఆర్‌ఐ నుంచి తీసుకుని రెంటినీ కలుపుతారు. కలిపేటప్పుడు తుంటి ఎముకలు కుదిరితే సరిపోదు. బ్లాడర్, రెక్టం నిండినప్పుడు గ్రంథి ఎముకలతో సంబంధం లేకుండా కదులుతుంది. సీడ్స్‌ని సీడ్స్‌తోనే కుదర్చాలి.

స్కానింగ్ సెంటర్‌లో అడగాల్సినవి: సీటీకి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు, స్లైస్ 2 లేదా 3 మిల్లీమీటర్లు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. 5 మిల్లీమీటర్ల స్లైస్ ఇస్తామంటే వద్దనండి. సీడ్ పొడవే 4.5 నుంచి 5 మిల్లీమీటర్లు, ఆ స్లైస్‌లో ఒకదాని వెనక ఒకటున్న రెండు సీడ్స్ ఒకటిగా కలిసిపోతాయి. ఎంఆర్‌ఐలో టీ2 యాక్సియల్, 3 మిల్లీమీటర్లు, ఖాళీ లేకుండా, ఏటవాలుగా కాకుండా నిటారు అడ్డకోతల్లో. దాంతోపాటు సీడ్స్ కనపడేలా ఒక గ్రేడియెంట్ ఎకో సీక్వెన్స్. రెక్టంలో పెట్టే కాయిల్ వద్దు, గ్రంథిని నొక్కేసి ఆకారం మార్చేస్తుంది. విరేచనం అయ్యాక, బ్లాడర్ ఓ మోస్తరుగా ఉన్నప్పుడు, రెండు స్కాన్లకీ ఒకేలా ఉండేట్టు చూసుకోండి. చివరికి మొత్తం డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకోండి. ఫిల్ముని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే డోస్ లెక్కగట్టే ఫిజిసిస్ట్ దానితో ఏమీ చేయలేరు.

ఫైళ్లు హైదరాబాద్ చేరాక అక్కడ మొదట చేసేది సీడ్స్ లెక్క. 3 మిల్లీమీటర్ల కోతల్లో ఒక సీడ్ రెండు స్లైసుల్లో కనపడొచ్చు, సాఫ్ట్‌వేర్ రెండుగా లెక్కేస్తుంది. గ్రంథిలో కాల్షియం గడ్డల్నీ సీడ్స్ అనుకుంటుంది. 86 పెట్టిన చోట 91 వస్తే తప్పు సాఫ్ట్‌వేర్‌దే. 84 వస్తే పెల్విస్ ఎక్స్‌రేతో సరిచూస్తారు, ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు. విడి సీడ్స్ రక్తనాళాల్లో పడి ఊపిరితిత్తులకి చేరడం ఉంటుంది. ఒకటి రెండు పోయినంత మాత్రాన మొత్తం డోస్ పెద్దగా మారదు.

30వ రోజూ డీ90 తక్కువే వస్తే, మనిషికి ఏదో చేసే ముందు లెక్కని తిరగేయమనండి. సీడ్ బలం మిల్లీక్యూరీ, యూ అనే రెండు యూనిట్లలో రాస్తారు. ఐ-125కి ఒక మిల్లీక్యూరీ అంటే 1.27 యూ. ఒకటి రాయాల్సిన చోట ఇంకోటి రాస్తే పావు వంతు తేడా అక్కడే వస్తుంది. కాలిబ్రేషన్ తేదీ (సీడ్ బలం కొలిచి రాసిన తేదీ) బదులు సీడ్స్ పెట్టిన తేదీ వేసినా తేడానే.

అవన్నీ సరిగా ఉంటే, తక్కువైంది ఎక్కడ అన్నది చూడాలి. ముందువైపు పైభాగంలో డోస్ తక్కువ పడి ఉంటే చాలామంది డాక్టర్లు కంగారుపడరు. వెనకవైపు అంచున, అదీ బయాప్సీలో క్యాన్సర్ దొరికిన వైపు ఉంటే మాట వేరు. మరికొన్ని సీడ్స్ పెట్టడమా, బయటి నుంచి రేడియేషన్ ఇవ్వడమా, పీఎస్ఏ (ప్రొస్టేట్ రక్తపరీక్ష) చూస్తూ ఆగడమా అన్నది అప్పుడు మాట్లాడతారు. ఆ మాటల్లో వీ100 (గ్రంథిలో పూర్తి డోస్ అందిన భాగం) ఎంత, రెక్టం డీ2సీసీ (ఎక్కువ డోస్ పడిన 2 సీసీ భాగానికి అందిన కనీస డోస్) 145 గ్రే లోపే ఉందా, మూత్రనాళం డీ10 (దానిలో 10 శాతం భాగానికి అందిన కనీస డోస్) ఇవ్వాల్సిన డోస్‌లో 150 శాతం దాటిందా అని కూడా అడగండి. మూత్రనాళం అంకెని మాత్రం జాగ్రత్తగా తీసుకోండి. మూత్రం పైపు (క్యాథెటర్) లేకుండా తీసిన సీటీలో అది కనపడదు, గ్రంథి మధ్యలో ఉంటుందని ఊహించి గీసేస్తారు.

ఒకవేళ ఫైల్లో అయోడిన్ బదులు ఇరిడియం అని ఉంటే ఇదేదీ వర్తించదు. మన దేశంలో ఎక్కువగా చేసేది అదే. అందులో సూదుల గుండా కాసేపు రేడియేషన్ ఇచ్చి తీసేస్తారు, లోపల ఏదీ మిగలదు, నెల తర్వాత డోస్ కోసం సీటీ ఉండదు. అక్కడ చూడాల్సింది ప్రతి విడతకీ ముందు సూదులు కాళ్ల వైపు జారాయా లేదా అన్నది.