పండగ లేని రోజు సలీమా ఏం చేస్తుంది?

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాలలో ముస్లిం, లంబాడీ పిల్లలు ఎక్కువ. ఉన్న మూడొందల పుస్తకాల్లో వాళ్లకు సంబంధించినవి రంజాన్ సేమ్యా కథ ఒకటి, తీజ్ కథ ఒకటి. కొత్తవి కొనేటప్పుడు ఏం చూడాలి?
– ఒక ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

జవాబు: సేమ్యా కథలో తప్పేం లేదండీ. మిగతా రోజుల్లో సలీమాలాంటి పిల్ల ఏ పుస్తకంలోనూ కనబడకపోవడమే చిక్కు. ముందు ఉన్నవాటిలోంచి ఒక యాభై తీసి, నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: పిల్ల పేరు, కథ ఏ కాలానిది, చిక్కుముడి విప్పిందెవరు, బొమ్మలో ఆ పిల్లను దేన్నిబట్టి గుర్తుపట్టాం.

పేర్లు లెక్కపెట్టి ఊరుకుంటే మోసపోతాం. అమెరికాలో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 1965లో ఈ లెక్కే తీశారు. 1962-64 మధ్య వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో నల్లజాతివాళ్లు కనబడ్డవి 349. వాటిలోనూ దాదాపు 60 శాతం అమెరికా బయటో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందో జరిగే కథలు. అంటే పక్కింటి నల్లపిల్ల దాదాపు లేనట్టే. మన దగ్గర చెంచులదీ అదే వరస. పురాణ కథలో చెంచులక్ష్మి ఉంటుంది. నల్లమల నుంచి హాస్టల్‌కి వచ్చి ఎక్కాలు బట్టీపట్టే చెంచు పిల్ల కోసం వెతుక్కోవాలి. రెండో గడి అందుకే.

మూడో గడిలో ఎప్పుడూ ఊరి పెద్దమనిషో, టీచరో ఉంటే (మనం కూడా!) ఆ పిల్ల జాలిపడటానికి మాత్రమే ఉందన్నమాట. నాలుగో గడి బొమ్మలేసేవాళ్ల బద్ధకాన్ని బయటపెడుతుంది. నమాజుకి పెట్టుకునే టోపీతోనే కుర్రాడు క్రికెట్టూ ఆడేస్తుంటాడు. సాయిబు పాత్ర నోట వంకర తెలుగు పలికించే కథలు అసలు కొనకండి. దూదేకుల ముస్లింల ఇళ్లలో మాట్లాడేది తెలుగే.

ప్రశ్న: తండా నేపథ్యంలో కథ రాస్తున్నాను. లంబాడీల భాష గోర్‌బోలీ మాటలు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వాడండి. తెలుగు లిపిలోనే రాయొచ్చు. ‘యాడి’ అని పిలిచాక ‘అంటే అమ్మ’ అని వివరణ ఇవ్వకండి, తండా పిల్లకు అది పరాయి పుస్తకమైపోతుంది. పిలుపుకి పలికిన మనిషిని చూపిస్తే మిగతా పిల్లలకూ అర్థమవుతుంది. అచ్చుకిచ్చే ముందు ఆ తండాలోనే ఒక పెద్దావిడకు, నాలుగో తరగతి పిల్ల ఒకరికి చదివి వినిపించండి. పెద్దావిడ మాటలు దిద్దుతుంది. పిల్ల ఎక్కడ నవ్వకూడని చోట నవ్విందో, అక్కడ మళ్లీ రాయండి.