వానలు పడకముందే ఒక బకెట్ పసుపు నీళ్లు

చిరంజీవి శ్రీనుకు,

అపార్ట్‌మెంట్ సెక్రటరీవయ్యావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. హైదరాబాద్ డ్రైనేజీ లైన్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి, ఒక్క మాట చెప్తాను. వాన నీటిని డ్రైనేజీలో కలవనివ్వకు.

మీ డాబా 500 గజాలనుకో. ఐదు సెంటీమీటర్ల వానకు దాని మీద ఇరవై వేల లీటర్లు దిగుతాయి. అంటే ఎండాకాలం మీరు డబ్బిచ్చి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. బాత్రూముల నీళ్లకని వేసిన పైపు అంత నీటిని ఒక్కసారిగా ఎలా మోస్తుంది? వెనక్కి తంతుంది. రోడ్డు మీద మ్యాన్‌హోల్ పొంగుతుంది, కింది ఫ్లోర్ వాళ్ల ఇంట్లోకి మురుగొస్తుంది.

ఈ ఆదివారం బకెట్ నీళ్లలో గుప్పెడు పసుపు కలిపి డాబా మీది ఒక్కో వాన పైపులో పొయ్యి. కింద డ్రైనేజీ ఛాంబర్ మూత తీసి ఒకరు చూస్తుండాలి. అక్కడ పసుపు నీళ్లు కనిపిస్తే ఆ పైపును కోయించి ఇంకుడు గుంతకు మళ్లించు. గుంత పైన ఇసుక మట్టిపట్టి గట్టిపడి ఉంటుంది, దాన్ని ఏటా మే నెలలోనే మార్పించు. కార్లు కడిగిన నీళ్లు మాత్రం అందులోకి వదలొద్దు. ఆ మురికి మీ బోరులోకే చేరుతుంది.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారు చెప్పిందీ నీటిని ఊరికి పైనే ఆపమనే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అలా వచ్చినవే. తర్వాత మనం చెరువుల అలుగులు, నాలాలు మూసి ఇళ్లు కట్టుకున్నాం. 2020 అక్టోబరు వరదల్లో ఏమైందో నువ్వూ చూశావు.

వానలో నీళ్లు పోవాలని ఎవరైనా మ్యాన్‌హోల్ మూత తీస్తే ఊరుకోకు. ఒకసారి అలా ఎవరో తీసిన మూత దగ్గర, మోకాలి లోతు నీళ్లలో కొమ్మ నిలబెట్టి, టార్చి పట్టుకుని తెల్లారేదాకా కాపలా ఉన్నాను. పసిబిడ్డను భుజాన వేసుకుని ఒకమ్మాయి నేరుగా అటే వచ్చింది. నేను కేక వేసేసరికి రెండడుగుల దూరంలో ఉంది.

లైన్ జామైతే మనిషిని దింపొద్దు. 2013 చట్టం ఒప్పుకోదు, అది సరే. లోపలి గ్యాస్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదురా, వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే కూలిపోతాడు. నీటి ఒత్తిడితో లైన్ శుభ్రం చేసే జెట్టింగ్ మిషన్ వచ్చేదాకా రెండు రోజులైనా ఓర్చుకోండి.

పసుపు ఏ పైపు నుంచి వచ్చిందో ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న