చిట్టితల్లీ, పోటీలు పెట్టే ముందు

చిట్టితల్లీ,

మండలంలో బడులన్నిటికీ కలిపి ఆటల పోటీలు పెట్టి, వాటికి ఒకప్పటి తూర్పు జర్మనీ పిల్లల పోటీల పేరే, స్పార్టకియాడ్ అని పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చిన్నప్పుడు నీకు చెప్పిన కబుర్లలోంచి ఆ పేరు ఏరుకున్నావంటే ఎంత సంతోషమైందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నీళ్లు, నీడ, ఓఆర్ఎస్, వయసు కాగితాలు నీకు తెలిసినవే. ఎండెక్కక ముందే పరుగులు ముగించు.

నేను తూర్పు జర్మనీలోని లైప్జిగ్ నగరంలో కోచింగ్ చదువుతూ 1977 వేసవిలో చూశాను ఆ పిల్లల పోటీల్ని. లక్ష మంది పట్టే స్టేడియం. అప్పట్లో ఆ దేశ జనాభా కోటీ డెబ్బై లక్షలు కూడా లేదు. అయినా అంతకు ముందు ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 40 బంగారు పతకాలు, అమెరికా కంటే ఆరు ఎక్కువ! దాని వేరు ఇక్కడే ఉందనుకున్నాను. ముందు బడిలో పోటీ, తర్వాత జిల్లాలో, ఆపైన ప్రాంతంలో, చివరికి దేశమంతటికీ. మెరికల్లాంటి పిల్లల్ని ఏరి క్రీడా పాఠశాలల్లో వేసేవారు. ఆ జల్లెడను మన ఊరికి తేవాలన్న పిచ్చి పట్టింది నాకు.

తిరిగొచ్చిన ఏడాదే బడుల మధ్య పోటీలు పెట్టాను. పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఉండేది. చెప్పులు లేకుండానే 800 మీటర్లు రెండు నిమిషాల 36 సెకన్లలో పరిగెత్తింది. నా కళ్లకు పిల్ల కనబడలేదమ్మా, పతకం కనబడింది. నెల రోజులు ఉదయం, సాయంత్రం గట్టి నేల మీద పరిగెత్తించాను. "సార్, ముంగాలు నొప్పి" అంది. గుడ్డ చుట్టి పరిగెత్తమన్నాను. మళ్లీ అంది. నొప్పి లేకుండా గెలుపు రాదన్నాను. మూడోసారి చెప్పడం మానేసింది. ఫైనల్లో గెలిచింది. గీత దాటాక నిలబడలేకపోయింది. ఎముక చిట్లిందన్నాడు డాక్టర్. కాలు బాగయ్యేసరికి వాళ్ల నాన్న బడి కూడా మాన్పించాడు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేను తలుచుకునేది ఆ మూడోసారినే. చెప్పినా లాభం లేదని ఒక పిల్లకు నేర్పింది నేనే కదా.

ఇంకొకటి, ఇది గట్టిగానే అంటున్నాను. ఏ పిల్లకూ ఎవరూ బలానికని మాత్రగానీ పొడిగానీ ఇవ్వకూడదు, ఉచితంగా తెచ్చినా సరే. 1974 నుంచి తూర్పు జర్మనీ ప్రభుత్వం రహస్యంగా ఓ పథకం నడిపింది. మైనర్ ఆడపిల్లలకు కూడా విటమిన్లని చెప్పి నీలం రంగు హార్మోన్ మాత్రలు మింగించారు. వాళ్ల గొంతులు మారాయి, ఆరోగ్యాలు పాడయ్యాయి. 2000లో బెర్లిన్ కోర్టు అక్కడి క్రీడల పెద్ద మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను దోషిగా తేల్చింది. పేపర్లో ఆ వార్త చదివిన రోజు, 1977లో నేను చప్పట్లు కొట్టిన పిల్లల్లో ఎవరెవరు ఆ మాత్రలు మింగారోనని అన్నం ముట్టలేకపోయాను.

అందుకని మానుకోమనను తల్లీ. అక్కడ నాకు నచ్చింది వేరే ఉంది. బడి స్థాయిలో లావుగా ఉన్నవాడూ, చివరొచ్చేవాడూ కూడా పరిగెత్తాడు. అది తెచ్చుకో. పైకి ఏరడం తర్వాత చూద్దాం.

ముందు రోజే వస్తాను. వేదిక మీద కుర్చీ వద్దు. పరుగు మొదలయ్యే చోట ఒక స్టూలు వేయించు. ప్రతి బిడ్డనూ కాలు నొప్పి ఉందా అని నేనే అడుగుతాను. తల దించుకున్నవాళ్లను ఇంకోసారి అడుగుతాను.

మీ పెదనాన్న