మందు డ్రమ్ములో పైపు ముంచనివ్వకు

గుంటూరు

తల్లీ,

ఉద్యోగం మానేసి ప్రత్తిపాడు వైపు మిరప రైతులతో బోరునీళ్ళు పాడవకుండా చూసే పని చేస్తావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది. దిగులుగానూ ఉంది. వెళ్ళగానే "మీ నీళ్ళు పాడయ్యాయి" అనకు, ముఖం తిప్పుకుంటారు. ముందు బోరు దగ్గర నిలబడి చూడు.

బోరులో దించిన కేసింగ్ గొట్టం నేలకు అడుగు ఎత్తున ఉండాలి, చుట్టూ బయటికి వాలుగా సిమెంటు గచ్చు ఉండాలి. పెంటకుప్ప, పురుగుమందు కలిపే చోటు వంద అడుగులైనా దూరం. ఎండిన బోరుకు గట్టి మూత. ఇవి చెబితే వింటారు.

విననిది ఒకటుంది. రెండొందల లీటర్ల డ్రమ్ములో ముందే మందు పోసి, బోరు పైపు అడుగుదాకా ముంచి మోటారు వేస్తారు. అలా అయితే నురగ రాదు, పైపు ఎగరదు. సగం నిండేసరికి కరెంటు పోతుంది. పైపులో నీళ్ళు బోరులోకి జారుతూ డ్రమ్ములోని మందునీళ్ళను వెంట లాక్కుపోతాయి. నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ఉందిగా అంటారు. దాని సందులో ఇసుక రేణువు చిక్కితే వాల్వు మూసుకోదు. పొలంలో పడ్డ మందును కొంతైనా మట్టి పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఆ అడ్డూ లేదు.

వాదించకు, చూపించు. బకెట్లో పసుపునీళ్ళు పోసి, నీళ్ళు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టం ఒక కొస అందులో ముంచి, రెండోది కిందికి వదులు. పసుపు జారిపోవడం వాళ్ళే చూస్తారు. అప్పుడు చెప్పు: ముందు నీళ్ళు, పైపు తీశాక మందు. పైపు మూతి డ్రమ్ము అంచుకు జానెడు పైన కట్టాలి. ఖాళీ మందు సీసాలు మూడుసార్లు కడిగి ఆ నీళ్ళూ డ్రమ్ములోనే పోయాలి.

నాకు నిద్రపట్టనివ్వనిది యూరియా. అది మట్టిలో నైట్రేటుగా మారి బోరు నీళ్ళలోకి దిగుతుంది. కోతలకొచ్చిన తల్లులు గట్టున చీర ఉయ్యాల కట్టి, ఆ బోరు నీళ్ళతోనే పాలపొడి కలుపుతారు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆర్నెల్లలోపు బిడ్డకు ప్రమాదం, ఒళ్ళు నీలమెక్కుతుంది. మరిగిస్తే పోదు, ఇంకా చిక్కబడుతుంది. మోటారు పది నిమిషాలు నడిచాకే నమూనా పట్టు, ఐసు పెట్టెలో ఆ రోజే ల్యాబుకు చేర్చు. నైట్రేటు తక్కువుంటే పురుగుమందు లేదని కాదు, దానికి వేరే పరీక్ష.

తొడుగులు లేకుండా మందు డబ్బా ముట్టావని తెలిస్తే ఊరుకోను. ఆ చేతులు నాకింకా చిన్నవే. మొదటి రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు.

మీ పెదనాన్న